మీ ప్రశ్నలు – మా జవాబులు: రక్షణకు ఎంత, ఎందుకు?

పర్లాకిమిడి మొదలుకొని కొరాపుట్ వరకు దక్షిణ ఒడిశాలోని తెలుగు పాఠకుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి అడిగాయి. దేశ రక్షణకు ప్రభుత్వం ఎంత ఖర్చు చేస్తోంది, ఎందుకు చేస్తోంది, ఆ డబ్బు చివరికి ఎవరికి చేరుతోంది అన్నవే ఆ ప్రశ్నలు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము. వేరే సంవత్సరం పేర్కొనని చోట్ల అంకెలన్నీ 2025–26 కేంద్ర బడ్జెట్ అంచనాలవని పాఠకులు గ్రహించగలరు.

ప్రశ్న: రక్షణ ఖర్చు రూపాయిలో 8 పైసలని ఒక పత్రికలో, బడ్జెట్‌లో 13 శాతానికి పైగా అని మరొక దానిలో, జాతీయాదాయంలో 2 శాతం కూడా లేదని ఇంకొక చోట చదివాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. అయినా ఈ మూడూ ఎలా పొసగుతాయో అంతుబట్టలేదు. — విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

మాస్టారూ, మూడూ నిజమే. భిన్నంలో ఒకచోట లవం మారింది, ఒకచోట హారం మారింది, అంతే. రక్షణ మంత్రిత్వ శాఖకు కేటాయించిన మొత్తం 6,81,210 కోట్ల రూపాయలు. కేంద్ర ప్రభుత్వ మొత్తం వ్యయం సుమారు 50.65 లక్షల కోట్లు కాబట్టి, దానితో భాగిస్తే 13.45 శాతం వస్తుంది. బడ్జెట్ మరునాడు పత్రికలు ‘రూపాయి రాక, పోక’ అని వేసే బొమ్మలో లెక్క వేరు. అందులో రాష్ట్రాలకు పంచి ఇచ్చే పన్నుల వాటా కూడా కలుస్తుంది కనుక హారం పెరుగుతుంది. రక్షణ పింఛన్లను అక్కడ మిగతా పింఛన్లతో కలిపి వేరే ముక్కగా చూపుతారు కనుక లవం తగ్గుతుంది. రెండూ కలిసి 13 శాతాన్ని 8 పైసలు చేస్తాయి. ఇక దేశమంతటి ఉత్పత్తి విలువను, అంటే దాదాపు 357 లక్షల కోట్లను, హారంగా తీసుకుంటే 1.9 శాతం వస్తుంది. రక్షణ ఖర్చు తక్కువని వాదించదలచినవారు 1.9 శాతాన్ని, ఎక్కువని వాదించదలచినవారు 13 శాతాన్ని ఎత్తుకుంటారు. కనుక శాతం కనబడినప్పుడల్లా దేనిలో శాతమో ముందు చూసుకోవాలి.

నా మట్టుకు, మొత్తం కన్నా దాని లోపలి పంపకమే ఎక్కువ చెబుతుంది. నూరు రూపాయల రక్షణ ధనంలో దాదాపు 46 రూపాయలు త్రివిధ దళాల జీతభత్యాలకు, తిండికి, ఇంధనానికి, మందుగుండుకు, మరమ్మతులకు పోతాయి. సుమారు 24 రూపాయలు పింఛన్లవి. కొత్త విమానాలు, ఓడలు, ఫిరంగులు, కట్టడాలు వంటి మూలధన వ్యయానికి మిగిలేది 26 రూపాయల చిల్లర, అంటే 1,80,000 కోట్లు. సరిహద్దు రోడ్లు, తీర రక్షక దళం మొదలైనవి చివరి నాలుగు రూపాయలలో ఉన్నాయి. మొదటి వాటాలో జీతాలు కాక ఇతర నిర్వహణకు ఉద్దేశించినది 1,14,415 కోట్లు. అది తీసివేసి జీతాలను, పింఛన్లను కలిపి చూస్తే మొత్తంలో సగానికి పైగా మనుషులకే చెల్లుతోందని తేలుతుంది. రక్షణ బడ్జెట్ అనగానే మన కళ్ల ముందు క్షిపణులు మెదులుతాయి గాని, ఆ డబ్బులో పెద్ద భాగం నెల నెలా జవాన్ల ఇళ్లకు వెళ్లే మనియార్డర్ వంటిదే.

ప్రశ్న: మా నాన్నగారు ఇక్కడి ఇంజన్ల కర్మాగారంలో పనిచేస్తారు. యుద్ధం లేని సంవత్సరాలలో కూడా ఇంత ఖర్చు ఎందుకని మా కళాశాల వ్యాసరచన పోటీలో అడిగారు. సరిగా రాయలేకపోయాను. — డిగ్రీ విద్యార్థిని, సునాబెడ

అమ్మాయీ, నీ ప్రశ్నకు జవాబు మీ ఊరి చరిత్రలోనే ఉంది. స్వతంత్ర భారతపు మొదటి బడ్జెట్‌ను ఆర్.కె. షణ్ముఖం చెట్టి 1947 నవంబర్ 26న ప్రవేశపెట్టారు. ఏడున్నర నెలలకు వేసిన 197.39 కోట్ల వ్యయంలో 92.74 కోట్లు రక్షణకే పోయాయి, అంటే దాదాపు సగం. దేశం రెండుగా చీలి, సైన్యాన్ని పంచుకుని, కశ్మీర్‌లో యుద్ధం జరుగుతున్న రోజులవి. తరువాతి పదేళ్లకు పైగా ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు ముందు అన్న ఆలోచనతో రక్షణకు ఇచ్చే వాటాను అణచి ఉంచారు. 1962 అక్టోబర్‌లో చైనా సేనలు హిమాలయాలు దాటినప్పుడు, చలికి తగిన దుస్తులు కూడా లేక మన జవాన్లు ఆ ఎత్తుల మీద పోరాడవలసి వచ్చింది. ఆ దెబ్బ తరువాత 1964లో వేసిన రక్షణ ప్రణాళిక సైన్యాన్ని 8,25,000 మందికి పెంచాలని, వాయుసేనను 45 దళాలకు చేర్చాలని నిర్ణయించింది. సోవియట్ యూనియన్‌తో మిగ్ విమానాల ఒప్పందం అదే 1962లో కుదిరింది. విమాన దేహం నాసిక్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో, ఇంజను మీ సునాబెడలో తయారు కావాలని పంచారు. అప్పటి ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పట్టుదల వల్లనే ఆ కర్మాగారం కొరాపుట్ కొండలకు వచ్చిందని మీ ఇంటి పెద్దలు చెప్పే ఉంటారు.

యుద్ధం వచ్చిన రోజున సైన్యాన్ని కొనలేము. ఒక పైలట్‌ను తీర్చిదిద్దడానికి, ఒక ఓడను కట్టడానికి, ఒక ఇంజనును మన చేతులతో చేయడం నేర్చుకోవడానికి ఏళ్లు పడతాయి. శాంతికాలంలోని ఖర్చులో పెద్ద భాగం ఆ ఏళ్లకు చెల్లించే మూల్యం. పైగా మన సరిహద్దు చిన్నది కాదు. చైనాతో 3,488 కిలోమీటర్లు, పాకిస్తాన్‌తో 3,323 కిలోమీటర్లు ఉన్నదని అధికారిక లెక్క. సియాచిన్ మంచులో 1984 నుంచి కాపలా ఉన్నది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో 20 మంది జవాన్లు ప్రాణాలిచ్చిన తరువాత, వేల సంఖ్యలో బలగాలను లడఖ్ ఎత్తులలో చలికాలమంతా నిలపవలసి వచ్చింది. అక్కడికి ఒక లీటరు కిరోసిన్ చేరడానికి అయ్యే ఖర్చు మైదానంలో ఉన్న మనకు ఊహకు అందదు.

రెండవ కారణం అనుమానం. మన గంజాం, గజపతి జిల్లాలలో జీడితోటలు ఉన్నవారికి దీనిని ఎక్కువ వివరించనక్కరలేదు. కాపు కాలంలో ఒక ఆసామి కాపలాదారును పెడితే, పిక్కలు కాపాడుకోవడానికి పెట్టాడని పక్క తోట ఆసామి అనుకోడు. హద్దు జరపడానికి మనిషిని దింపాడేమోనని జంకి తాను ఇద్దరిని పెడతాడు. అది చూసి మొదటివాడు మూడవ మనిషిని వెతుకుతాడు. ఎవరికీ దుర్బుద్ధి లేకపోయినా, పంట డబ్బు ఇద్దరికీ కాపలా కూలికే పోతుంది. దేశాల మధ్య కూడా ఇదే జరుగుతుంది, అక్కడ సర్వేయరు గాని, తగవు తీర్చే పెద్దమనిషి గాని లేకపోవడం వల్ల ఇంకా గట్టిగా జరుగుతుంది. వచ్చే పోటీలో నీవు ఈ రెండు కారణాలనూ కలిపి రాయి. మొదటిది మాత్రమే రాస్తే ఖర్చంతా అనివార్యమని, రెండవది మాత్రమే రాస్తే అంతా వృథా అని తేలుతుంది. నిజం ఆ రెంటి మధ్య ఏటేటా తూచి చూడవలసిన విషయం.

ప్రశ్న: మా అబ్బాయి అగ్నివీర్‌గా చేరాడు. నాలుగేళ్ల తరువాత పింఛను ఉండదంటున్నారు. పాత జవాన్ల పింఛన్ల వల్లనే కొత్తవారికి లేకుండా పోయిందా? — ఒక తల్లి, రాయగడ

అమ్మా, పింఛన్ల మొత్తం పెద్దదే. 1,60,795 కోట్ల రూపాయలు, సుమారు 34 లక్షల మంది పింఛనుదారులకు. దాని వెనుక ఉన్న కారణం తెలిస్తే ఎవరినీ తప్పు పట్టబుద్ధి కాదు. గుమాస్తా అరవై ఏళ్లకు విశ్రాంతి తీసుకుంటాడు. జవాను, సైన్యం యువకులతో ఉండాలన్న నియమం వల్ల, చాలాసార్లు నలభై నిండకముందే ఇంటికి వస్తాడు. అందువల్ల అతని పింఛను ఎక్కువ ఏళ్లు నడుస్తుంది. ఒకే హోదాలో, ఒకే కాలం పనిచేసినవారికి ఎప్పుడు దిగిపోయినా సమానమైన పింఛను ఇవ్వాలన్న చిరకాల కోరికను ప్రభుత్వం 2015 నవంబర్ ఉత్తర్వుతో ఒప్పుకుని, 2014 జులై నుంచి వర్తింపజేసింది. దానితో ఆ మొత్తం మరింత పెరిగింది.

అగ్నివీరులను చేర్చుకోవడానికి 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం, నాలుగేళ్ల తరువాత 25 శాతం మంది వరకు మాత్రమే శాశ్వత సేవలోకి వెళతారు. మిగిలినవారికి పింఛను ఉండదు; వారి జీతంలో కోత పెట్టిన సొమ్ము, ప్రభుత్వం అంతే కలిపిన సొమ్ము, వడ్డీ కలిసి సుమారు 11.71 లక్షల రూపాయలు సేవానిధిగా, ఆదాయపు పన్ను లేకుండా చేతికి వస్తాయి. సైన్యపు సగటు వయస్సు తగ్గించడమే ఉద్దేశమని ప్రభుత్వం చెప్పింది. ఆ ఉద్దేశం మంచిదే కావచ్చు, కాని దీర్ఘకాలంలో పింఛను ఖర్చు కూడా తగ్గుతుందన్నది దాచవలసిన సంగతి కాదు. దానిని పార్లమెంటులో ముందుగా, నిండుగా చర్చించి ఉంటే మీవంటి తల్లులు ఈ ప్రశ్నను ఒక పత్రికను అడగవలసిన అవసరం ఉండేది కాదని నా అభిప్రాయం. అబ్బాయి సేవలో ఉండగానే చదువు కొనసాగించేటట్లు చూడండి. నాలుగేళ్లు పూర్తి చేసినవారికి కేంద్ర సాయుధ పోలీసు బలగాలలో 10 శాతం ఉద్యోగాలు కేటాయిస్తామని 2022లోనే ప్రకటించారు. ఆ నియామక ప్రకటనల మీద ఒక కన్ను వేసి ఉంచండి.

ప్రశ్న: మా కొండలలో శిబిరాలు వేసుకుని ఉన్న సీఆర్పీఎఫ్ వారి ఖర్చు కూడా రక్షణ బడ్జెట్‌లోనిదేనా? — దుకాణదారు, మల్కన్‌గిరి

కాదు. సీఆర్పీఎఫ్, సరిహద్దు భద్రతా దళం మొదలైనవి హోం మంత్రిత్వ శాఖ కిందికి వస్తాయి, వాటి పద్దు వేరు. అయితే విదేశాలతో పోల్చేటప్పుడు స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ ‘సిప్రి’ వీటిలో ప్రధానమైన వాటి ఖర్చును కూడా భారత్ సైనిక వ్యయంలో కలుపుతుంది. బడ్జెట్ అంకె, సిప్రి అంకె ఒకటి కాకపోవడానికి అది ఒక కారణం.

ప్రశ్న: ప్రపంచంలో మన స్థానం ఎంత? సైన్యమే లేని దేశాలు ఉన్నాయట, నిజమేనా? — పట్టుబట్టల వ్యాపారి, బరంపురం

సిప్రి లెక్కల ప్రకారం 2024లో ప్రపంచ సైనిక వ్యయం సుమారు 2.72 లక్షల కోట్ల డాలర్లు. ఒక్క ఏడాదిలో 9.4 శాతం పెరుగుదల, ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన తరువాత ఇంతటి పెరుగుదల లేదు. అమెరికా 99,700 కోట్ల డాలర్లతో అందరికన్నా ముందున్నది. చైనా ఖర్చు 31,400 కోట్లని అంచనా. తరువాత రష్యా, జర్మనీ, ఆ వెనుక 8,610 కోట్ల డాలర్లతో అయిదవ స్థానంలో మనము ఉన్నాము. అయితే వ్యాపారులైన మీకు తెలియనిది కాదు, ఒక డాలరుకు అన్ని ఊళ్లలో ఒకే సరుకు రాదు. మన జవాను జీతం, చైనా కార్మికుని కూలి అమెరికాలో కన్నా తక్కువ కనుక అదే డాలరుకు ఇక్కడ ఎక్కువ పని జరుగుతుంది. విదేశీ విమానం కొనేటప్పుడు మాత్రం ఆ సౌలభ్యం పోతుంది. 2020–24 మధ్య ఆయుధాల దిగుమతిలో ఉక్రెయిన్ తరువాత రెండవ స్థానం మనదేనన్నది గర్వించదగిన విషయం కాదు.

మొత్తం కన్నా భారం చూస్తే బొమ్మ మారిపోతుంది. సొంత నేల మీద యుద్ధం జరుగుతున్న ఉక్రెయిన్ 2024లో తన జాతీయోత్పత్తిలో 34 శాతం సైన్యానికి పెట్టింది. రష్యాకు అది 7.1 శాతం. ఎన్నో దశాబ్దాలు ఒక శాతం దగ్గర ఆగిన జపాన్ 2027 నాటికి 2 శాతానికి చేరాలని 2022లో నిర్ణయించుకుంది. నాటో సైనిక కూటమి దేశాలు 2025 జూన్‌లో హేగ్ నగరంలో కూర్చుని, 2035 నాటికి 5 శాతం వెచ్చిస్తామని మాట ఇచ్చాయి, అందులో 3.5 శాతం నేరుగా సైన్యానికి, మిగిలినది రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత వంటి వాటికి. పొరుగింట మంట లేచినప్పుడు ఎంత పెద్ద ఆదర్శమైనా ఎంత త్వరగా కరుగుతుందో యూరప్ చూపింది.

సైన్యం లేని దేశాల మాట నిజమే. మధ్య అమెరికాలోని కోస్టారికా 1948లో అంతర్యుద్ధం ముగియగానే సైన్యాన్ని రద్దు చేసి, మరుసటి ఏడాది రాజ్యాంగంలోనే ఆ నిషేధం రాసుకుంది. ఐస్‌లాండ్‌కు కూడా సొంత సైన్యం లేదు, కాని అది నాటోలో సభ్యదేశం. అంటే కాపలా ఖర్చు కూటమి మీద పడింది.

ప్రశ్న: మా ఆరోగ్య కేంద్రంలో కానుపులకు వచ్చేవారిని ఇప్పటికీ డోలీ మీద కొంత దూరం మోసుకొస్తారు. ఒక్క యుద్ధవిమానం ధరకు ఎన్ని ఆసుపత్రులు కట్టవచ్చు? — నర్సు, గుణుపురం

మీరు చూస్తున్నది చూసినవారెవరైనా ఈ ప్రశ్నే అడుగుతారు. అంకెలు చెబుతాను. 2025 సెప్టెంబర్‌లో 97 తేజస్ విమానాలకు ప్రభుత్వం 62,370 కోట్లకు ఒప్పందం చేసుకుంది. విమానంతో పాటు పరికరాలు కలిపి ఒక్కొక్కటి సుమారు 640 కోట్లు పడుతుంది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ మొత్తం కేటాయింపు 99,858 కోట్లు, అంటే రక్షణ శాఖకు ఇచ్చిన దానిలో దాదాపు ఏడవ వంతు.

అయినా ఈ పోలికను ఇక్కడితో వదిలేస్తే మిమ్మల్ని తప్పుదారి పట్టించినవాణ్ణి అవుతాను. రాజ్యాంగం ప్రకారం దేశ రక్షణ కేంద్రం బాధ్యత, ఆసుపత్రులు ప్రధానంగా రాష్ట్రాల బాధ్యత. రాష్ట్రాల ఆరోగ్య వ్యయాన్ని కలపకుండా తూస్తే త్రాసు సరిగా నిలవదు. ఒక విమానం తగ్గిస్తే ఆ డబ్బు మీ కేంద్రానికే వస్తుందన్న హామీ కూడా ఎక్కడా లేదు. కేంద్రం కట్టే వడ్డీ 12.76 లక్షల కోట్లు, రక్షణ ఖర్చుకు దాదాపు రెట్టింపు. అది తగ్గినా ఆ మిగులు మీ ఊరు చేరాలంటే ఎవరో అడగాలి. నన్ను బాధించేది మరొకటి. రక్షణకు జాతీయోత్పత్తిలో 3 శాతం ఉండాలని పార్లమెంటు స్థాయీ సంఘం పలుమార్లు సిఫారసు చేసినప్పుడల్లా అది పతాక శీర్షిక అయింది. 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయం 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకున్న గడువు మాత్రం ఎవరికీ పట్టకుండా గడిచిపోయింది. సైన్యాన్ని అడిగినంత పట్టుదలతో మనము ఆసుపత్రిని అడగలేదు. డోలీ కింద భుజం పెట్టినవారు అడుగుతున్నారు, వారి గొంతు దూరం పోవడం లేదు.

ప్రశ్న: కర్మాగారం వచ్చి మా ప్రాంతం బాగుపడిందంటారు. భూమి ఇచ్చిన మా తాతగారి కుటుంబానికి ఏం మిగిలిందో ఏ బడ్జెట్‌లోనూ కనబడదు. — పేరు వద్దన్న పాఠకుడు, కొరాపుట్ జిల్లా

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాగుపడిన మాట నిజం. 2024 సెప్టెంబర్‌లో సుఖోయ్-30 విమానాలకు 240 ఇంజన్లు చేసి ఇవ్వడానికి 26 వేల కోట్లకు పైబడిన ఒప్పందం సునాబెడ కర్మాగారానికి వచ్చింది. ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్ల పని, సగటున 54 శాతానికి పైగా స్వదేశీ భాగాలతో. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కొండెక్కి అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు రెండు తరాల జీవిక ఆ కర్మాగారం. ఆ కొండల మీద కొన్నేళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి కనుక ఆ ఊరి శుభ్రత, ఆ పాఠశాలలు నాకు తెలుసు.

అదే నేల మీద చికాపార్ అన్న ఊరి కథ కూడా జరిగింది. గదబ, పరజ, డోమ్ కుటుంబాల ఆ ఊరిని 1960ల చివర మిగ్ కర్మాగారం కోసం ఖాళీ చేయించారు. వేరే చోట తమ సొంత నేలలో మళ్లీ అదే పేరుతో ఊరు కట్టుకున్నవారిని 1980లలో కొలాబ్ జలాశయానికి, నౌకాదళ ఆయుధాగారానికి అంటూ రెండవసారి కదిలించారు. అదే దశకంలో బాలేశ్వర్ జిల్లా బలియాపాల్‌లో క్షిపణి ప్రయోగ కేంద్రానికి భూములు అడిగినప్పుడు, తమలపాకు తోటల రైతులు దారులకు అడ్డుకట్టలు వేసి, ఏళ్ల తరబడి అధికారులను ఊళ్లోకి రానివ్వక, తమ భూములు నిలబెట్టుకున్నారు. చికాపార్ వారికి ఆ సంఖ్యాబలం గాని, పట్నంలో తమ మాట వినిపించేవారు గాని లేరు. ఇంజను ధరలో లోహం, కూలి, సోవియట్ లైసెన్సు రుసుము అన్నీ లెక్కకు వచ్చాయి. రెండుసార్లు పోయిన ఊరు రాలేదు. ఆ ఇంజనుతో ఎగిరిన మిగ్-21 విమానాలు 2025 సెప్టెంబర్‌లో చండీగఢ్‌లో గౌరవ వందనంతో విశ్రాంతి తీసుకున్నాయి.

మీ విషయంలో చేయదగినది ఒకటి ఉంది. దేశ భద్రతకు సంబంధించిన సమాచారాన్ని సమాచార హక్కు చట్టం మినహాయించింది గాని, భూసేకరణ ప్రకటన, పరిహారం చెల్లింపు, పునరావాస జాబితా ఆ కోవలోకి రావు. తాతగారి పేరు, ఊరి పేరు, తెలిసినంత వరకు పాత ఖాతా, ప్లాటు నంబర్లు రాసి తహసీల్ కార్యాలయానికి, జిల్లా భూసేకరణ అధికారికి విడివిడిగా దరఖాస్తులు పెట్టండి. ఒడియాలోనే రాయండి, అందిన రసీదు దాచుకోండి. ముప్పై రోజులలో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లవచ్చు. జవాబు ఏది వచ్చినా దాని నకలు మాకు పంపితే, పేరు లేకుండానే ఈ శీర్షికలో ప్రచురిస్తాము.